ముసలావిడ తిట్టినంత సేపు

మార్చి 2

నా పక్షం రాతలో ఉండాలని ఈ రోజు నిర్ణయించుకున్నాను. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి నేను చెబుతాను, మా ఆయన రాస్తారు. ఆయన కోర్టులో నకళ్ళు రాసి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళు చెప్పింది తనకు నచ్చినా నచ్చకపోయినా కామా తేడా రాకుండా రాయడం ఆయనకు అలవాటు. నోటికొచ్చినట్టు కాకుండా అచ్చులో ఉన్నట్టు రాయమన్నాను.

"ఇంతకీ ఫిర్యాదు ఎవరికిస్తావు?" అని అడిగారు.

"ఎవరికీ ఇవ్వను. నా పెట్టెలోనే ఉంటుంది. ఫిర్యాదీని నేనే, జడ్జీని నేనే."

"మరి ముద్దాయి?"

"మీ కోడలు."

"అయితే తీర్పు కూడా ఇప్పుడే రాసేద్దామా, ఒక పనైపోతుంది," అన్నారు. ఆ మాట కూడా రాయమన్నాను. రాశారు.

ఇక విషయం. మా కోడలు మ్యూజియంలో ఉద్యోగం చేస్తుంది. వెనకటి చిత్రకారులు రంగులు ఎలా నూరారో, జిగురు ఎలా కాచారో వాళ్ళే పుస్తకాల్లో రాసిపెట్టుకున్నారట. ఆ పాత రాతలు చదవడం, చదివింది చేసి చూడటం దాని పని. చదివి ఊరుకుంటే నాకే బాధా లేదు. చేసి చూస్తుంది. మ్యూజియంలో పొయ్యి వెలిగించకూడదట, నిప్పంటుకుంటుందని. మా ఇల్లు మాత్రం అంటుకున్నా ఫరవాలేదు.

ఈ రోజు నా పాల గిన్నెలో తోలు ముక్కలు ఉడికాయి. చెప్పులు కుట్టే దుకాణంలో కత్తిరించి పారేసినవి సంచీడు తెచ్చింది. ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పమని మా ఆయన అడిగారు. మీకు ముక్కు లేదా అన్నాను.

మార్చి 3

పాల గిన్నె బయట పారేశాను. వెళ్ళి వెతికి తెచ్చుకుంది. "ఇప్పుడిది నాదే కదా అత్తయ్యా?" అంది. సంతోషంగా!

మార్చి 5

మా అబ్బాయిని కూర్చోబెట్టి అడిగాను. వాడు మా ఇద్దరి మధ్యా గోడకు కొట్టిన మేకులా ఉంటాడు, ఎవరు ఏది తగిలించినా మోస్తాడు. మొత్తానికి నోరు విప్పాడు.

ఊళ్ళో పాత సభామందిరం ఉంది కదా, దాని పైకప్పు నిండా బొమ్మలే. ఇప్పుడు ఆ రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. మ్యూజియంలో పెద్ద సారు ఒకాయన, డబ్బాల్లో దొరికే పూత ఒకటి కొట్టించేద్దాం అంటున్నాడు. మా కోడలు వద్దంటోంది. డబ్బా పూత కొన్నాళ్ళకు బిగుసుకుని ఉన్న రంగును కూడా లాగేసుకుంటుందట. ఆ కప్పుకు బొమ్మలు వేసిన చిత్రకారుడు తన పద్ధతులన్నీ ఒక పుస్తకంలో రాసి పోయాడు, అతను కాచిన తోలు జిగురే మళ్ళీ కాచి పెచ్చుల కింద పట్టిస్తే అతుక్కుంటాయి అంటోంది. ఈ నెలాఖరున పెద్ద సారు ఎదుట కాచి చూపించాలి. జిగురు కుదిరితే కప్పు పని దీనికి అప్పగిస్తారు. కుదరకపోతే డబ్బా పూతే ఖాయం, దీన్ని నేలమాళిగలో చీటీలు అంటించే పనికి పంపిస్తారు.

"నేలమాళిగలో పొయ్యి ఉంటుందా?" అని అడిగాను.

"ఉండదమ్మా."

"అయితే మంచి ఉద్యోగమే," అన్నాను.

పైగా ఇంతవరకు జిగురు ఒక్కసారి కూడా కుదరలేదట. ఒకసారి నీళ్ళలా, ఒకసారి గాజులా. ఒక పక్క పెళుసుగా విరిగిపోతుంది, ఇంకో పక్క అసలు అంటుకోదు. విని కడుపు చల్లబడింది.

మార్చి 8

ఈ రోజు నా ఓర్పు అయిపోయింది. పొద్దున్నే వంటింట్లోకి వెళితే పొయ్యి మీద అదే గిన్నె. పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని గరిటె తిప్పుతోంది. మొదలుపెట్టాను.

"ఏమే, ఇది వంటిల్లా, తోళ్ళ కార్ఖానానా? నిన్న కిటికీ మీద కాకి వాలి, ఒక్కసారి గాలి పీల్చి వెళ్ళిపోయింది. చచ్చిన ఎలుకను తినే కాకి! దానికున్న ఇంగితం మనకు లేకపోయింది. నా చీరలన్నీ చెప్పుల దుకాణంలో మడతపెట్టినట్టున్నాయి. నిన్న బస్సులో నా పక్కన కూర్చున్నావిడ తన కాళ్ళ కేసి చూసుకుంది, పాపం, తన చెప్పులే అనుకుని! ఆ గరిటె పట్టుకోవడం చూడు, పెన్ను పట్టుకున్నట్టు. ఇటివ్వు!"

అలా ఎంతసేపు తిట్టానో తెలియదు. గొంతు ఎండిపోయి ఆపాను. అది నా వంక కాదు, గిన్నె వంక చూస్తోంది. తర్వాత జిగురు బొట్టొకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి విడదీసింది. సన్నటి దారం సాగింది. కోడలు గిన్నె దించి, వచ్చి నన్ను వాటేసుకుంది.

తిట్టినందుకు వాటేసుకునే కోడలిని నేను ఎక్కడా చూడలేదు. ఈ పిల్లకు భయం భక్తీ రెండూ లేవు. రాయండి.

మార్చి 9

సంగతి బయటపడింది. ఆ చిత్రకారుడి పుస్తకంలో ఒక మాట ఉందట. కోడలు చదివి వినిపించింది, నేను రెండోసారి కూడా చదివించుకున్నాను.

"వడకట్టిన జిగురును తిరిగి సన్న సెగ మీద పెట్టి, ఇంట్లో ముసలావిడ తిట్టడం మొదలుపెట్టి ఆపేదాకా కలిపించుము."

చదువుకున్నవాళ్ళందరూ ఇంతకాలం ఆ మాట దగ్గర ఒక నవ్వు నవ్వుకుని ముందుకు వెళ్ళిపోయారట. రాసినవాడు సరసుడు అనుకున్నారు. మా కోడలు కూడా అలాగే అనుకుని గడియారం పెట్టుకుని కాచింది.

"అది హాస్యం కాదత్తయ్యా, కొలత!" అంది.

"అంటే ఏమిటే? సోలెడు, తవ్వెడు లాగా నేనా?"

"అవునత్తయ్యా."

నా ఇంట్లో, నా వంటింట్లో, నేను కొలత గిన్నెనయ్యాను. మా ఆయన రాస్తూ రాస్తూ భుజాలు కదిలిస్తున్నారు. నవ్వుతున్నారని నాకు తెలుసు.

మార్చి 11

నిన్న నేను మళ్ళీ తిట్టిన సేపు ఎంతో గడియారంతో చూసుకుని, ఈ రోజు నన్ను పిలవకుండా తనే అంతసేపు కలిపింది. నీళ్ళు. కూర్చుని చాలాసేపు ఆలోచించింది. సేపు ఒక్కటే కాదట. కోపం వస్తే నేను గరిటె లాక్కుంటాను. మొదట్లో చేయి జోరుగా తిరుగుతుంది. తిట్లు అయిపోతున్న కొద్దీ నెమ్మదిస్తుంది. చివర్లో, ఇంకేం మిగిలిందా అని ఆలోచించేటప్పుడు, గిన్నె అడుగున గీస్తూ ఉంటాను. ఆ మూడూ ఆ వరసలోనే ఉండాలట. జిగురు చిక్కబడేది ఆ గీయడంలోనే.

గరిటె నా చేతిలో ఉన్న సంగతే నాకు తెలియదు.

మార్చి 12

తిట్టాను. కుదిరింది. నేను ఆ పిల్లకు సాయం చేస్తున్నానని ఎవరూ అనుకోకూడదు. నాకు ఎలాగూ కోపం వస్తోంది, అది వృథా పోకుండా ఉంటే మంచిదని.

మార్చి 14

మళ్ళీ కుదిరింది. ఈసారి మా అబ్బాయి పెళ్ళిలో వాళ్ళ వైపు వాళ్ళు నాకు వేసిన కుంటి కుర్చీ దగ్గర నుంచి అందుకున్నాను. ఆ కుర్చీ ఇంత పనికొస్తుందని అనుకోలేదు.

సాయంత్రం కోడలు ఆ పుస్తకం ఇంకొంచెం చదివి వినిపించింది. సుద్ద ఎలా జల్లించాలి, మసి ఎక్కడ పట్టాలి, నీలం రాయి నూరేటప్పుడు ఎందుకు తుమ్మకూడదు. తుమ్మి పోగొట్టుకున్నాడు కాబోలు, అక్కడ వాడి రాత వంకర పోయిందట. వినడానికి నేనేమీ కూర్చోలేదు. కూరగాయలు తరుగుతున్నాను, చెవులు మూసుకోలేను కదా.

మార్చి 16

కూరగాయలు తరగడం అయిపోయినా ఇంకా చదువుతోంది. మధ్యలో ఆపడం మర్యాద కాదని కూర్చున్నాను.

"ఇంతకీ ఆ ముసలావిడ ఎవరే? వాడి తల్లా, అత్తా?" అని అడిగాను.

"రాయలేదత్తయ్యా."

"పేరు?"

"అదీ రాయలేదు."

సుద్ద ఏ గుట్ట మీద తవ్వాలో రాశాడు, కుంచెకు వెంట్రుకలు ఇచ్చిన ఉడుత ఎటు పారిపోయిందో రాశాడు. జిగురు కాచిపెట్టిన మనిషి పేరు రాయడానికి వాడికి సిరా చాల్లేదు.

మార్చి 19

నీళ్ళు.

తిట్లు మధ్యలో ఆగిపోయాయి. ఎండ వల్ల ఊపిరి ఆడలేదు.

మార్చి 20

నీళ్ళు. ఈ రోజు మబ్బు పట్టింది కానీ పై పన్ను కదులుతోంది. పన్ను కదులుతుంటే మనిషి ఎలా తిట్టగలదు?

మార్చి 21

ఎండా లేదు, పన్నూ బాగానే ఉంది. "ఏమే..." అని మొదలుపెట్టాను. ఆ తర్వాత ఏం అనాలో తోచలేదు. "ఏమే, ఏమైనా తిన్నావా?" అని ముగిసింది. గిన్నెలో చూస్తే పాల గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది. నెలాఖరు దగ్గరపడుతోందని కోడలి మొహం చూస్తే తెలుస్తోంది.

నాకేం, నేలమాళిగకు వెళ్ళేది నేను కాదు. నా వంటిల్లు నాకు వస్తుంది.

మార్చి 22

ఇంట్లో కుట్ర జరుగుతోంది. పొద్దున్న నా మంచం మీద తడి తువ్వాలు కనిపించింది. మా ఆయన ఇన్నేళ్ళలో తువ్వాలు తాడు మీద తప్ప ఎక్కడా వెయ్యలేదు. ఉప్పు డబ్బాలో పంచదార, పంచదార డబ్బాలో ఉప్పు. మా అబ్బాయి చెప్పులతో వంటింటి గుమ్మం దాకా వచ్చి, అక్కడ నిలబడి, నా వంక చూసి, "ఇంకా లోపలికి రానా?" అని కోడల్ని అడిగాడు.

వీళ్ళ మొహాలు చూస్తే నవ్వొచ్చింది. నవ్వాను. ముగ్గురూ దిగాలు పడిపోయారు.

మార్చి 24

ఈ రోజు కూడా కోపం రాలేదు. ఒంట్లో ఏదో తేడా చేసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మార్చి 25

డాక్టరు చేతికి పట్టీ చుట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. "అమ్మా, ఎప్పుడూ లేనిది మీ బీపీ ఇంత చక్కగా ఉంది. ఏం చేస్తున్నారు?" అన్నాడు.

"తోలు జిగురు వాసన పీలుస్తున్నాను."

"అదే కొనసాగించండి," అన్నాడు. నా మాట వినలేదు, ఎప్పుడూ వినడు.

"బీపీ పెరగడానికి ఏమైనా మందు ఇవ్వండి," అన్నాను. అప్పుడు విన్నాడు. మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు.

ఇంటికొచ్చేసరికి కోడలు గుమ్మంలో ఎదురుచూస్తోంది. "ఏమన్నాడత్తయ్యా?"

"బాగానే ఉన్నానట," అన్నాను, తలెత్తలేక.

మార్చి 27

మా ఆయన ఒక ఉపాయం చెప్పారు. ఈ రాతల్లో మొదటి పేజీలు చదివి వినిపిస్తే పాత కోపం మళ్ళీ రాజుకుంటుందని. సరే అని పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఆయన కోర్టు గొంతుతో, ఎత్తూ పల్లం లేకుండా చదివారు. పాల గిన్నె పారేసిన చోటు వచ్చింది. "ఇప్పుడిది నాదే కదా అత్తయ్యా" అన్న మాట వచ్చింది. నేను నవ్వాపుకోలేక గరిటె జారవిడిచాను. ఎవరు రాయించారో గానీ ఆ ముసలిదానికి బొత్తిగా పనీ పాటా లేదు.

మార్చి 29

"అత్తయ్యా, రేపు మీరు మామూలుగా ఉండండి చాలు. రాకపోతే రాదు," అంది కోడలు. జడ వేసుకోవడం కూడా మరిచిపోయింది. కూర్చోబెట్టి నేనే వేశాను. దువ్వెన తలకు తగిలేలా కాస్త గట్టిగానే లాగాను. ప్రేమ అనుకుంటుందేమోనని.

మార్చి 30

జరిగింది జరిగినట్టు రాయిస్తున్నాను.

సభామందిరం పెరట్లో పొయ్యి పెట్టనిచ్చారు. నేను, మా ఆయన, కోడలు వెళ్ళాం. అబ్బాయికి సెలవు దొరకలేదు. పెద్ద సారు అనుకున్న వేళకే వచ్చాడు. వెంట డబ్బా కూడా తెప్పించుకున్నాడు, మూత తీసి సిద్ధంగా. నేను ఆయన్ని చూడగానే మండిపోవాలని ముందే అనుకుని వెళ్ళాను. ఏం లాభం? ఆయన చాలా మంచివాడు. నాకు కుర్చీ వేయించి, నీడలోకి జరిపించి, "అమ్మా, ఎండలో వచ్చారు, నీళ్ళు తాగండి," అన్నాడు. ఇలాంటివాణ్ణి ఏమని తిట్టేది?

కోడలు వడకట్టిన జిగురు సన్న సెగ మీద పెట్టింది. నా వంక చూసింది. "ఏమే," అన్నాను. కాకి సంగతి ఎత్తాను. బస్సులో ఆవిడ చెప్పుల సంగతి ఎత్తాను. పెళ్ళిలో కుంటి కుర్చీ కూడా ఎత్తాను. అన్నీ పాత బట్టల్లా చేతిలోనే చిరిగిపోతున్నాయి. పెద్ద సారు మొదట ఉలిక్కిపడ్డాడు, తర్వాత తల వంచుకున్నాడు, చివరికి గడియారం చూసుకున్నాడు. కోడలు గిన్నెలో ముంచిన వేళ్ళు తడిగా విడిపోయాయి. దారం లేదు.

ఆయన మెల్లగా, "చూడమ్మా, నువ్వు కష్టపడ్డావు, కాదనను. కానీ..." అన్నాడు.

అప్పుడు మా కోడలు కళ్ళు తుడుచుకుంది. "సరే సార్. డబ్బా పూతే కొట్టించండి. నేను వదిలేస్తాను," అంది.

ఆ తర్వాత నేనేమన్నానో నాకు గుర్తులేదు. మా ఆయన అలవాటు కొద్దీ పక్కనే నిలబడి రాసుకున్నారు. ఆయన రాసుకున్నదే ఇక్కడ పెట్టమన్నాను.

"వదిలేస్తావా? ఎవర్నడిగి వదిలేస్తావే? నా గిన్నెలు మాడ్చేటప్పుడు వదిలెయ్యాలని తోచలేదా? ఇటివ్వు ఆ గరిటె! ఇల్లంతా తోలు కంపు పట్టించి, మీ మామయ్యని సంచీ పట్టుకుని ఊళ్ళో చెప్పుల దుకాణాలన్నీ తిప్పి, నా బీపీ ఊడగొట్టి, ఇప్పుడు పెద్దమనిషి ముందు చేతులు దులుపుకుంటావా? ముక్కు తుడుచుకో ముందు! నేలమాళిగలో కూర్చుని చీటీలు అంటిస్తుందట! దేనితో అంటిస్తావే, ఉమ్మితోనా? జిగురు కాచడం రాని దానివి! లోపలికెళ్ళి చూడు, ఆ కప్పు చూడు! ఎవరో పేరు లేని ముసల్ది, దాని గొంతు చించుకుని తిడితే ఆ బొమ్మలు ఇన్నేళ్ళు పైన నిలబడ్డాయి. ఆవిడ నోరు పట్టి ఉంచినదాన్ని నువ్వు డబ్బా తెచ్చి అలికేస్తానంటావా? నేను బతికుండగానా? ఏం సార్, మీరు అటు జరగండి, పొయ్యికి గాలి అడ్డం వస్తున్నారు! నీళ్ళిచ్చారు, కుర్చీ వేశారు, మీ జోలికి నేను రాను. ఇది నా కోడలు, నేను తిట్టుకుంటాను! వదిలేస్తుందట! మళ్ళీ ఆ మాట నీ నోట వస్తే... వస్తే..."

ఇక్కడ ఏమీ తోచలేదట, గిన్నె అడుగున గీస్తూ ఉండిపోయానట.

కోడలు గిన్నె దించింది. ఏడుస్తూనే బొట్టు తీసి పెద్ద సారు వేళ్ళ మధ్య పెట్టింది. ఆయన నొక్కి విడదీశాడు. దారం సాగింది. ఇంకాస్త సాగదీశాడు, తెగలేదు. "ఊ," అన్నాడు. మెచ్చుకోలుగా ఆయన అంతకంటే ఎక్కువ అనే మనిషి కాదట.

కోడలు జిగురు పట్టుకుని లోపలికి వెళ్ళి నిచ్చెన ఎక్కి, లేచి వేలాడుతున్న ఒక పెచ్చు వెనక సన్న కుంచెతో పట్టించి, పల్చటి కాగితం అద్ది వచ్చింది. రేపు చూస్తారట.

దారిలో మా ఆయన నా గొంతుకని లవంగం కొని ఇచ్చారు.

మార్చి 31

కాగితం తీశారు. పెచ్చు ఉంది. కోడలు వేలి గోటితో తట్టింది. విడిపోయినదైతే డొల్లగా మోగుతుందట. మోగలేదు. పెద్ద సారు నిచ్చెన ఎక్కి తనూ తట్టాడు. దిగి, డబ్బాకు మూత బిగించమన్నాడు.

అక్కడ బొమ్మలో ఏముందని కిందనుంచి అడిగాను. ఎవరిదో మోచెయ్యి అంది కోడలు. సరే, మోచెయ్యి అయితే మోచెయ్యి.

ఏప్రిల్ 6

కప్పు పని మా కోడలికే ఇచ్చారు. ఏడాది పడుతుందట, ఇంకా ఎక్కువేనేమో. పెద్ద సారు పని పద్ధతి అంతా కాగితం మీద పెట్టమన్నాడు. కాచే సమయం అన్నచోట ఏం రాయాలో ఆయనకు పాలుపోలేదు. కోడలు పాత పుస్తకంలో ఉన్న మాటే ఉన్నట్టు రాసింది. ఆయన చాలాసేపు దాని వంక చూసి సంతకం పెట్టాడట. అయితే ముసలావిడ అన్న మాట పక్కన నా పేరు, ఇంటిపేరుతో సహా రాయమని నేను పట్టుబట్టాను. రాసింది. చదివించుకుని విన్నాను.

ఏప్రిల్ 13

తోలు జిగురు నిలవ ఉండదు, పాచిపోతుంది. అందుకని ప్రతి సోమవారం తాజాగా కాచాలట. అంటే ప్రతి సోమవారం నాకు కోపం రావాలి. ఆ కుంటి కుర్చీ ఎన్ని వారాలకని వస్తుంది?

పొద్దున్న పొయ్యి దగ్గర ఇద్దరం దిక్కులు చూస్తూ నిలబడ్డాం. చివరికి కోడలు గొంతు సవరించుకుని, ఎటో చూస్తూ, "అత్తయ్యా, నేనీ పని వదిలేస్తాను," అంది.

ఏప్రిల్ 27

ఈ రోజూ అదే మాట అంది. అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలుసని దానికీ తెలుసు. పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటూ మరీ అంటుంది. అయినా సరే, ఆ మాట చెవిన పడితే నా ఒళ్ళు భగ్గుమంటుంది.